బిడ్డ ఆరోగ్యము – నమ్మదగిన సలహా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు పండుగనాడు పసిబిడ్డల ఆరోగ్యమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయము పుట్టినది దేనికి? తెలిసిన మాటను తెలియనివారికి అందించుటకే గదా! మాట తెలియకపోవుట ప్రాణము మీదికి వచ్చు సందర్భములు సంసారములో కొన్ని కలవు. నడిరేయి బిడ్డ ఒడలు కాలిపోవుచుండగా, లేక కడుపు జారుచుండగా, తల్లిదండ్రులు ఒకరి ముఖమొకరు చూచుకొని “ఇప్పుడెవరిని అడుగుదము?” అనుకొనుట అట్టి సందర్భము. ఆ ప్రశ్నకు దొరకు సమాధానమును బట్టియే పెక్కుసార్లు ఆ బిడ్డ బ్రతుకు నిర్ణయమగుచున్నది.

వారు మొదట అడుగునది వైద్యుని కాదు. పుస్తకమును అంతకన్నను కాదు. ఇంటిలోని అవ్వను అడుగుదురు. పిదప పొరుగింటి పెద్దమ్మను, ఆ పిదప వీధిలోని ఆర్.ఎం.పి. వైద్యుని, తరువాత మందుల దుకాణమువానిని, నేటి కాలమున చేతిలోని సెల్‌ఫోనును అడుగుదురు. పట్టణములోని పిల్లల వైద్యుడు ఈ వరుసలో కడపటివాడు. ఇందులకు తల్లిదండ్రులను నిందించుట తగదు. నమ్మకము పట్టాలను చూచి పుట్టునది కాదు, దగ్గరితనము వలన పుట్టునది. పిలిచిన పలుకువారిని, విసుగుకొనక వినువారిని, ఇంటి సంగతి ఎరిగినవారిని మనుష్యుడు నమ్మును. అయితే దగ్గరివారు చెప్పినదెల్ల నిజము కాదు. నిజమెరిగినవారెల్ల దగ్గర నుండరు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. నమ్మకమును నిజమును ఒకే గడపలో కలుపుట ఎట్లు? ఇదియే నేటి విచారణ.

అవ్వ మాట

ఇంటి పెద్దల అనుభవమును తీసివేయుట తెలివితక్కువ. చంటిబిడ్డను ఒడిలో వెచ్చగా హత్తుకొనుట, ఏడ్చినప్పుడెల్ల పాలిచ్చుట, ఆరు నెలలు నిండిన పిదప మెత్తని అన్నములో పప్పుకట్టు, నేయి కలిపి తినిపించుట – ఇవన్నియు అవ్వలు నేర్పిన విద్యలే. తక్కువ బరువుతో పుట్టిన శిశువును తల్లి రొమ్మునకు హత్తుకొనియుంచుటయే గొప్ప చికిత్సయని నేటి వైద్యశాస్త్రమును చెప్పుచున్నది.

కాని ఆ మూటలోనే ముల్లులును కలవు. కాన్పైన తొలినాళ్ల ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయుట కొన్ని ఇండ్ల ఆచారము. బిడ్డకు రోగములను ఎదుర్కొను శక్తి నిచ్చునవి ఆ పసుపుపచ్చని పాలే. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయుదురు. ఏడాది నిండని శిశువునకు తేనె వలన బొటులిజమను ప్రమాదకరమైన జబ్బు రావచ్చును. మాటలు త్వరగా వచ్చునని వస అరగదీసి నాకింతురు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మంచినీరైనను అక్కరలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచుండగా, వస మాట వేరుగ చెప్పనేల? ముక్కులో ఆముదము పోసినచో అది ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియాకు దారితీయును. పచ్చకామెర్లకు, మూర్ఛకు వాతలు పెట్టుట బిడ్డకు ఒక జబ్బుపై మరియొక పుండును తెచ్చుటయే.

ఇది అవ్వ దోషము కాదు. ఆమెకు తన పెద్దలు చెప్పినదానిని ఆమె ప్రేమతో చెప్పుచున్నది. ఆమె చూపు చాలసార్లు సరియైనదే. విరేచనములు పట్టిన బిడ్డ మాడు లోపలికి పోయినదని మొదట గుర్తించునది ఆమెయే. ఆ గుర్తు నిజమైన గుర్తు. దేహములో నీరు తరిగినప్పుడు మాడు గుంటపడును. కాని మాడుకు ఆముదము అద్దినంత మాత్రమున తరిగిన నీరు నిండదు. చూపు ఆమెది, ఉపాయము శాస్త్రముది కావలెను. ఆ రెండింటిని కలుపగలిగినచో అవ్వకు మించిన ఆరోగ్య కార్యకర్త లేదు.

లంఖణము పరమౌషధమా?

“లంఖణము పరమౌషధము” అను సామెత తెలియని తెలుగువారు లేరు. నీళ్లవిరేచనములైన పసిబిడ్డ విషయమున ఈ సామెతను పాటించుట మిక్కిలి అపాయకరము. “త్రాగించినకొలది పోవుచున్నది, త్రాగించవద్దు” అన్న సలహా పూర్వము ఎందరు బిడ్డలను పొట్టన పెట్టుకొన్నదో లెక్కలేదు. విరేచనము వలన బిడ్డ చనిపోవుట దేహములోని నీరు, ఉప్పు తరిగిపోవుట చేతనే.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలమున లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలునకు తరలివచ్చిరి. బన్‌గావ్ వద్ద శిబిరములలో కలరా చెలరేగినది. నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొన్నది. అప్పుడు దిలీప్ మహలనోబిస్ అను వైద్యుడు ఉప్పును గ్లూకోజును కొలత ప్రకారము నీటిలో కలిపి, పీపాలలో నింపి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో త్రాగింపించెను. నూటికి ముప్పది దాక నుండిన మరణములు నాలుగునకు లోబడినవి. గ్లూకోజు ప్రేగుగోడ గుండ పోవునప్పుడు ఉప్పును తనవెంట తీసికొనిపోవును. ఉప్పు వెంట నీరు పోవును. ఇంతే దీని రహస్యము. ఈ శతాబ్దపు వైద్యప్రగతిలో ఇదియే అత్యంత ముఖ్యమైనది కావచ్చునని 1978లో ‘లాన్సెట్’ పత్రిక ప్రశంసించినది. మహలనోబిస్ 2022లో మరణించిరి. మరుసటి ఏట భారత ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ప్రకటించినది.

అయితే మందు తెలిసినంతనే పని ముగియలేదు; దానిని తల్లులు నమ్మవలెను గదా! బంగ్లాదేశ్‌లో బ్రాక్ అను సంస్థ 1980 మొదలు పదేండ్లపాటు స్త్రీలను ఇంటింటికి పంపి, ఉప్పు, బెల్లము, నీరు కలుపు విధానమును నేర్పినది. సుమారు 1 కోటి 20 లక్షల ఇండ్లను వారు దర్శించిరి. చెప్పి వచ్చినందులకు వారికి జీతము లేదు. కొన్ని దినముల తరువాత వేరొకరు పోయి అడిగినప్పుడు ఆ తల్లికి ఎంత గుర్తున్నదో దానిని బట్టి జీతము! తొలిరోజులలో తల్లులు పాఠము అప్పగించిరే కాని బిడ్డలకు త్రాగించువారు తక్కువ. విచారించగా నేర్పువారిలోనే కొందరికి ఆ నీటిపై నమ్మకము లేదని, ఇంటి మగవారికి సంగతి చెప్పకపోవుటచే వారు అడ్డుపడుచున్నారని తేలినది. నేర్పువారికి ముందు బాగుగ బోధించిరి. మగవారిని గూడ కూర్చుండబెట్టి చెప్పిరి. అప్పుడు గాని పని సాగలేదు. సలహా చెప్పువారు తామే నమ్మనిది ఇతరులు నమ్మరు. ఇంటిలో ఒక్కరికే చెప్పిన మాట ఇంటిలో నిలువదు.

ఈ సందర్భమున తెలిసికొనవలసిన కొలత ఇది. ఓ.ఆర్.ఎస్. పొట్లము మొత్తమును దానిపై వ్రాసిన కొలత ప్రకారము, సాధారణముగ ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలుపవలెను. సగము పొట్లము కలుపరాదు. పొట్లము దొరకనిచో లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపవలెను. ప్రతి విరేచనము తరువాత రెండేండ్లలోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, పెద్దపిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు మెల్లగా పట్టవలెను. వాంతి చేసికొన్నచో పది నిమిషములు ఆగి, మరల చెంచాతో పట్టవలెను. తల్లిపాలు, తిండి ఆపరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజునకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు జింకు ఇయ్యవలెను. రెండు నుండి ఆరు నెలలలోపు బిడ్డకు 10 మిల్లీగ్రాములు చాలును. కలిపిన నీటిని 24 గంటలు దాటినచో పారబోయవలెను.

సలహాదారు, అమ్మకందారు

అమ్మువాడు సలహా చెప్పునప్పుడు రెండు చెవులు నిక్కించి వినవలెను. కొంతకాలము క్రితము వరకు తీయని పానీయములు కొన్ని ‘ఓ.ఆర్.ఎస్.’ అను అక్షరములను అట్టపై ధరించి మందుల దుకాణములలో అమ్ముడుపోయినవి. వానిలో చక్కెర ఉండవలసినదానికి ఎన్నో రెట్లు. అధికమైన చక్కెర విరేచనమును తగ్గింపదు సరికదా, హెచ్చించును. తల్లి నమ్మినది ఆ మూడక్షరములను. బిడ్డ కడుపులోనికి పోయినది పంచదార నీరు. హైదరాబాదునకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీనిపై సుమారు ఎనిమిదేండ్లు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్యసంస్థ కొలతకు సరిపడని పానీయములపై ఆ పేరు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆజ్ఞాపించినది.

డబ్బాపాల సంగతియు ఇట్టిదే. ముద్దులొలుకు బిడ్డల బొమ్మలను చూపి తల్లిపాలకన్న డబ్బాపాలు మేలని భ్రమపెట్టు ప్రకటనలను 1992 నాటి చట్టము నిషేధించినది. తల్లి నమ్మకమును అంగడి సరుకు చేయరాదని చట్టమే చెప్పవలసివచ్చెను. 2025లోనే మధ్యప్రదేశ్ చింద్వాడా ప్రాంతమున విషపదార్థము కలిసిన దగ్గుమందు త్రాగి, మూత్రపిండములు చెడి, ఇరువదిమందికి పైగా పసివారు మరణించిరి. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదని, అయిదేండ్లలోపువారికి సాధారణముగ అవి తగవని కేంద్ర ఆరోగ్యశాఖ హెచ్చరించినది. “ఏదో ఒక సీసా ఇయ్యండి” అని దుకాణమువానిని అడుగు అలవాటు మానవలెను.

గడప వద్దకు వచ్చువారు

నమ్మకమును నిజమును ఒక్కరియందే కూర్చుటకు దేశములో జరిగిన ప్రయత్నములు కొన్ని ఫలించినవి. తెలంగాణ సరిహద్దున నున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు గ్రామస్త్రీలకు శిక్షణ నిచ్చిరి. పుట్టిన బిడ్డను తూచుట, వెచ్చగా నుంచుట, శ్వాసలు లెక్కించుట, చీముపట్టు సూచనలు కనబడినచో మందు ఇచ్చుట వారు నేర్చిరి. ఆ గ్రామములలో నెలలోపు శిశువుల మరణములు, ఈ పని జరుగని గ్రామములతో పోల్చగా, నూటికి 62 వంతులు తగ్గినవని 1999లో ప్రకటితమైనది. ఆ అనుభవము నాధారము చేసికొని 2011 నుండి దేశమంతట ఆశా కార్యకర్తలు బాలింతల ఇండ్లకు పోవు ఏర్పాటు జరిగినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆమె వచ్చి చూడవలెను. ఆశా పథకము 2005లో, అంగన్‌వాడీ 1975లో ఆరంభమైనవి. వీరును, ఏ.ఎన్.ఎమ్.లును ఊరివారికి తెలిసినవారు. బిడ్డకు ఎప్పుడు ఏ టీకా వేయవలెనో కార్డులో వ్రాయువారు.

చుక్కలమందు వలన పిల్లలు గొడ్డువోవుదురని ఉత్తరప్రదేశ్‌లో పుకారు లేచినప్పుడు, దానిని అణచినది పోలీసులు కారు, ప్రకటనలు కావు. ఆ వాడలలోని స్త్రీలును, మతపెద్దలును ఇంటింటికి పోయి చెప్పిరి. 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనిపించిన కేసే దేశములో సహజ పోలియో వైరసు వలన వచ్చిన కడపటిది. 2014 మార్చి 27న భారతదేశము పోలియో లేని దేశముగ ధ్రువీకరింపబడెను. దేశములో 1992–93లో వేయిమంది పుట్టిన బిడ్డలలో అయిదేండ్లు నిండకమునుపే సుమారు 109 మంది చనిపోవుచుండిరి. 2019–21 నాటి సర్వేలో ఆ సంఖ్య 42కు దిగినది. ఇందులో ఆసుపత్రుల పాత్ర ఎంతయో, గడపగడపకు పోయిన ఈ స్త్రీల పాత్రయు అంత కలదు.

ఆర్.ఎం.పి. వైద్యుడు అర్ధరాత్రి తలుపు తీయువాడు. ఆ మేలును ఊరు మరువదు. కాని మామూలు జలుబునకు సూది అక్కరలేదు. త్రాగగల బిడ్డకు సెలైను అక్కరలేదు. తన హద్దు తెలిసి, “ఇది నా చేతిలోనిది కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపొండి” అనువాడు ఆప్తుడు. చదువుకొన్న వైద్యులకును ఒక మాట చెప్పవలసియున్నది. చీటీ వ్రాసి పంపుట సలహా కాదు. ఏమి చేయవలెనో, ఎన్నాళ్లు చేయవలెనో, ఏ గుర్తు కనబడినచో మరల రావలెనో తల్లికి తెలియు తెలుగులో చెప్పి, ఆమెచే ఒకసారి చెప్పించుకొన్నప్పుడే అది సలహా యగును.

పుస్తకము పాత్ర

ఇక పుస్తకము మాట. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై పుస్తకములను కాలువ గట్టుల గ్రామములకు పంపిరి. పాఠకుడు పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే పాఠకునొద్దకు పోవలెనన్నది ఆ పెద్దల దీక్ష. శిశువైద్యమునకును ఆ దీక్షయే కావలెను.

తెలుగులో ఈ విద్యకు మంచి పుస్తకముల కొరత లేదు. విజ్ఞానచంద్రికా మండలిని 1906లో నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె, వైద్యురాలు అచ్చమాంబగారు ‘ప్రసూతి – శిశుపోషణ’ అను గ్రంథమును రచించిరి. డేవిడ్ వెర్నర్ గ్రంథమును హైదరాబాదు బుక్ ట్రస్టువారు ‘వైద్యుడు లేని చోట’ అను పేర తెలుగువారికి అందించిరి. బొమ్మలతో, వాడుకమాటలతో, ఏ జబ్బు ఇంటిలో చూచుకొనదగినదో, ఏది కాదో విడదీసి చెప్పుట దాని గొప్పతనము.

కాని పుస్తకమునకును వయస్సు కలదు. అమెరికాలో బెంజమిన్ స్పాక్ వ్రాసిన శిశుపోషణ గ్రంథము 1946లో వెలువడి, కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయినది. తల్లులు దానిని నమ్మినట్లు మరి దేనిని నమ్మలేదు. దాని తరువాతి ముద్రణలు కొన్ని పసిబిడ్డలను బోర్ల పరుండబెట్టుమని చెప్పినవి. అట్లు పరుండబెట్టుట నిద్రలో ఆకస్మిక మరణములకు హేతువగునని పరిశోధనలలో తేలినది. 1994 నుండి వెల్లకిల పరుండబెట్టుడని అమెరికాలో ప్రచారము జరుగగా, ఆ మరణములు సుమారు సగమునకు తగ్గినవి. గొప్ప రచయితయైనను, మంచి మనసుతో చెప్పినను, తప్పు తప్పే. కావున వైద్యగ్రంథమును పురాణమువలె పూజింపరాదు. అది ఏ యేట ముద్రితమైనదో చూడవలెను. సెల్‌ఫోనులో వచ్చు మాటకైతే వ్రాసినవాని పేరును ఉండదు, ఏడును ఉండదు. నోటి పుకారు ఊరు దాటుటకు వారము పట్టెడిది. అది నిమిషములో దేశము దాటుచున్నది.

మంచి సలహా గుర్తులు

తల్లిదండ్రులు ఎవరి మాట వినిననను ఈ అయిదు ప్రశ్నలను వేసికొనుట మేలు. చెప్పువాడు తాను చెప్పిన వస్తువునే అమ్ముచున్నాడా? తన హద్దు తెలిసి, పైవారివద్దకు పంపుచున్నాడా? ఎందుకో కారణము చెప్పుచున్నాడా? అపాయపు గుర్తులను ముందుగా చెప్పుచున్నాడా? మరల అడిగినచో విసుగుకొనక చెప్పుచున్నాడా? ఈ పరీక్షలో నెగ్గినవాడు అవ్వయైనను, ఆశా కార్యకర్తయైనను, వైద్యుడైనను నమ్మదగినవాడే.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు మాత్రము ఎవరినీ అడుగుచు కాలము గడుపరాదు. బిడ్డ పాలు గాని నీరు గాని త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కివేయుట, మూర్ఛ వచ్చుట, మత్తుగా పడియుండి పిలిచినను కదలకపోవుట, డొక్కలు ఎగురవేయుట, విరేచనములో నెత్తురు పడుట, రెండు నెలలలోపు శిశువునకు జ్వరము వచ్చుట, లేక ఒడలు చల్లబడుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. దగ్గు, జ్వరము గల బిడ్డ ప్రశాంతముగ నున్నప్పుడు నిమిషము పాటు శ్వాసలు లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో న్యుమోనియా యని అనుమానింపవలెను. గడియారము చూడగల తండ్రి ఎవడైనను ఈ లెక్క చేయగలడు.

గ్రంథాలయము చేయవలసినది

ఇరువదియైదేండ్ల ప్రాయమునకు వచ్చిన ఈ గ్రంథాలయము చేయదగిన పనులు చిన్నవే. ఒక అరను తల్లిబిడ్డల ఆరోగ్యమునకు కేటాయించి, అందులోని ప్రతి పుస్తకముపై ముద్రణ సంవత్సరమును పెద్ద అక్షరములతో వ్రాయవలెను. కాలము చెల్లినవానిని చరిత్ర అరలోనికి మార్చవలెను. పైని చెప్పిన అపాయపు గుర్తులను, ఓ.ఆర్.ఎస్. కొలతను, టీకాల పట్టికను పెద్ద అట్టపై వ్రాసి గుమ్మమువద్ద వ్రేలాడదీయవలెను. 108 అంబులెన్సు సంఖ్యను, ఏ.ఎన్.ఎమ్., ఆశా కార్యకర్తల చిరునామాలను అచ్చటనే ఉంచవలెను. నెలకొక సాయంకాలము ఆశా కార్యకర్తను పిలిచి, అవ్వలను ముందువరుసలో కూర్చుండబెట్టి, ఒక్కొక్క అధ్యాయమును బిగ్గరగా చదివింపవలెను. చదువురాని అవ్వ చెవితో చదువుకొనును. ఆమె నమ్మినది ఇల్లంతయు నమ్మును. ఫోనులో వచ్చిన అనుమానపు మాటను ఎవరైన తెచ్చినచో, దానిని ఒక పుస్తకములో వ్రాసియుంచి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని అడిగి, జవాబును బల్లపై వ్రాయవలెను. ఇందులకు ధనము పెద్దగ అక్కరలేదు, పూనిక కావలెను.

గ్రంథాలయము అమ్మునది ఏదియు లేదు. దానికి కులము లేదు, పక్షము లేదు. అడిగినవారికెల్ల తలుపు తీయుట దాని ధర్మము. నమ్మకమునకు ఇంతకంటె తగిన తావు ఊరిలో మరియొకటి కలదా? ఈ రజతోత్సవము నాటినుండి ఈ ఊరి తల్లి ఏ ఒక్కతెయు బిడ్డను ఒడిలో పెట్టుకొని “ఎవరిని అడుగుదును?” అని దిక్కులు చూడకుండుగాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఇప్పుడు ఒడిలో నున్న పిల్లలందరును ఆరోగ్యవంతులై, ఈ బల్లల చుట్టును కూర్చుండి చదువుకొందురుగాక!